కొన్న పాతకారు కొఱగానిదైనచో

సంతలో ఎద్దును కొనునపుడు మన పెద్దలు దాని నోరు తెఱచి పళ్ళు చూచెడివారు, సుడులు పరిశీలించెడివారు, నాలుగడుగులు నడిపించి నడక గమనించెడివారు. పాడియావును కొనునపుడు పాలు పిండి చూడనిదే బేరము ముగించెడివారు కారు. అమ్మువాని మాటకంటె పశువు చెప్పు సాక్ష్యమునే వారు నమ్ముకొనిరి. నేడు ఎద్దుబండి నిలిచిన ముంగిటనే మోటారుకారు నిలుచుచున్నది. క్రొత్తకారు వెల అందుకొనలేని కుటుంబములు పెక్కు వాడిన కారును కొని తృప్తిపడుచున్నవి. అందు తప్పేమియు లేదు. శ్రద్ధతో పోషింపబడిన పాతకారు పెక్కు సంవత్సరములు నమ్మకముగా నడచును. కాని పశువునకు పళ్ళున్నట్లు కారునకు లేవు. దాని దెబ్బలును, రోగములును మెఱుగుపెట్టిన రంగుక్రింద దాగియుండును.

అట్టి కారు ఇంటికి వచ్చిన పదిదినములకే దారిలో నిలిచిపోయినచో ఏమి చేయవలెను? ఆ సొమ్ము ఊరక వచ్చినది కాదు. అందు చీటీపాటలో కూడబెట్టినది కలదు; నగలు కుదువబెట్టి తెచ్చినది కలదు; నెలనెల కట్టవలసిన వాయిదా కలదు. పిల్లలను బడికిని, అత్తమామలను ఆసుపత్రికిని తీసికొనిపోవలసిన వాహనమది. బ్రేకు పట్టకపోయినచో పోవునది సొమ్ము మాత్రమే కాదు. అయినను అనేక గృహములలో ఈ విషయము నాలుగుదినముల చింతతోను, ఒక నిట్టూర్పుతోను ముగిసిపోవుచున్నది. "పాతది కదా, అట్లే యుండును" అని వర్తకుడనును. బంధువులును అదే మాట యందురు. తుదకు ఇంటివారును అదే నమ్మి, మరల అప్పుచేసి మరమ్మతు చేయించుకొందురు. ఈ "పాతది కదా" యను మాటలో ఎంత నిజమున్నదో, ఎంత లేదో తెలిసికొనుట గృహిణికి అవసరము.

అరుగుదల వేఱు, దాచిన లోపము వేఱు

పాతకారులో కనబడు లోపములను మూడు విధములుగా విభజింపవచ్చును. మొదటిది సహజమైన అరుగుదల. టైర్లు, బ్రేకుపట్టీలు, క్లచ్చిపళ్ళెము, బ్యాటరీ, వానతుడుపుల రబ్బరులు వాడుకచే అరుగును. ఇవి కొన్న కొలది మాసములకు మార్పవలసి వచ్చినచో వర్తకుని నిందించుట తగదు. ఇచ్చట "పాతది కదా" యను మాట చెల్లును.

రెండవది దాచిన లోపము. పెద్ద ప్రమాదములో నలిగిన కారును అతికించి రంగువేసి అమ్ముట, వరదలో మునిగినదానిని కడిగి ఆరబెట్టి అమ్ముట, తిరిగిన కిలోమీటర్లను చూపు మీటరును వెనుకకు త్రిప్పుట, పాడైన ఇంజనునందు చిక్కని నూనె పోసి కొన్నిదినములు చప్పుడు వినబడకుండ చేయుట ఇందు చేరును. మూడవది కాగితములలోని లోపము: తీఱని బ్యాంకు అప్పు, కట్టని జరిమానాలు, మాఱని యాజమాన్యము. ఈ కడపటి రెండును వయస్సువలన వచ్చునవి కావు. ఒకరు చేయగా గాని, చేయక వదలివేయగా గాని కలుగునవి.

అమ్మువానికి తెలిసినంత కొనువారికి తెలియకపోవుటయే ఈ వ్యాపారములోని మూలమైన చిక్కు. అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు జార్జి ఆకర్లాఫ్ 1970 లో ప్రకటించిన ప్రసిద్ధవ్యాసమున పాతకార్ల బేరమునే ఉదాహరణముగా గైకొనెను. మంచిదేదో చెడ్డదేదో కొనువారికి తెలియనప్పుడు అన్నిటికిని నడిమివెలయే పలుకును. ఆ వెలకు మంచికారు గలవాడు అమ్మడు. క్రమముగా అంగడిలో చెడ్డవియే మిగులునని ఆయన చూపెను. ఆయనకు 2001 లో మఱి యిద్దరితోపాటు నోబెల్ బహుమానము లభించెను. ఈ చిక్కునకు విరుగుడుకూడ ఆ వ్యాసముననే సూచింపబడినది: తన సరుకు మంచిదని నమ్మువాడు హామీ వ్రాసి యియ్యగలడు. కావున వ్రాసియిచ్చు వర్తకుడు పదివేలు ఎక్కువ యడిగినను వానివద్ద కొనుటయే మేలు.

ఇంటికి తెచ్చిన వారములో

కొనకముందే మంచి మెకానికుచేత చూపించుట ఉత్తమము. అది జరుగనిచో ఇంటికి తెచ్చిన వారములోనైనను చూపింపవలెను. కాలము గడచినకొలది లోపము మీ వాడుకవలన వచ్చినదేమో యను సందేహము పెరుగును.

కొన్ని పరీక్షలు ఇంటివారే చేయవచ్చును. తెల్లవాఱుజామున, ఇంజను పూర్తిగా చల్లారియున్నపుడు, మొదటిసారి నడిపించి చూడవలెను. వెనుకగొట్టమునుండి నీలిపొగ వచ్చినచో ఇంజనునూనె మండుచున్నదని గుర్తు. ఇంజను వేడెక్కిన పిమ్మటను దట్టమైన తెల్లపొగ ఆగకున్నచో చల్లార్చు నీరు లోపలికి చేరుచున్నదని అనుమానింపవలెను. నూనెపోయు మూతక్రింద మజ్జిగనురుగువంటి పదార్థము కనబడినను అదే అనుమానము. ఇంజను వేడిగా నున్నపుడు మాత్రము రేడియేటరు మూత తెఱవరాదు. మరుగునీరు మీదికి చిమ్మును.

తాళము త్రిప్పగానే ఎదుటి పలకమీద హెచ్చరికదీపములు వెలిగి, ఇంజను నడచిన తోడనే ఆరిపోవలెను. ఏదైన నొకటి అసలు వెలుగనేలేదన్నచో దానిని కావలెనని తీసివేసియుండవచ్చును. ఇటీవలి కార్లలో స్టీరింగుక్రింద ఒక రంధ్రపుపెట్టె యుండును. మెకానికు తన చిన్నయంత్రమును దానికి తగిలించినచో కారు తనలో దాచుకొన్న లోపముల సంకేతములు తెలియును. అమ్ముటకు ముందు ఆ సంకేతములను తుడిచివేసినచో ఆ జాడకూడ తఱచుగా యంత్రమునకు దొరకును.

వరదనీటి సంగతి మన ప్రాంతమువారు ప్రత్యేకముగా గమనింపవలెను. 2015 డిసెంబరులో చెన్నపట్టణమునందును, 2020 అక్టోబరులో హైదరాబాదునందును, 2024 సెప్టెంబరులో విజయవాడయందును వరదలు వచ్చి వాహనములు నీట మునిగినవి. మునిగినకారు మొదట చక్కగానే నడచును. తీగెల అతుకులలో తుప్పు పెరిగినకొలది నెలల పిమ్మట ఒక్కొక్కటే చెడుట ప్రారంభించును. క్రిందపఱచిన తివాచీని ఒక మూల ఎత్తి చూడుడు. ఆసనముల క్రింది ఇనుపపట్టాలలో ఒండ్రుమన్ను చేరియున్నదేమో వ్రేలితో తడవుడు. నడుముపట్టీని తుదివఱకు బయటికి లాగినచో నీటిచాఱ కనబడవచ్చును. పన్నీటివాసన అధికముగా కొట్టుచున్నచో దానిక్రింద ఏ వాసన దాగియున్నదో విచారింపవలెను.

మీటరు త్రిప్పిన సంగతి కనిపెట్టుటకు కంటిచూపే చాలును. మీటరుమీద ముప్పదివేల కిలోమీటర్లుండి, కాలితో నొక్కు మెట్లమీది రబ్బరు నున్నగా అరిగిపోయినచో ఆ రెండింటిలో ఒకటి అబద్ధము. తయారుచేసిన కంపెనీవారి సర్వీసుశాలలో కారు నంబరు చెప్పి పాతమరమ్మతుల పట్టికను అడుగవచ్చును. ప్రతి మరమ్మతునాటి మీటరు అంకెయు అందు వ్రాయబడియుండును. 2021 లో ఎనుబదివేలు చూపిన మీటరు 2025 లో నలుబదివేలు చూపుచున్నచో అంతకంటె గట్టిసాక్ష్యము వేఱొకటి లేదు. టైరుమీద అచ్చువేసిన నాలుగంకెలును చదువుడు. 2319 అని యున్నచో అది 2019 వ సంవత్సరపు 23 వ వారమున తయారైనదని అర్థము. కారునకు పళ్ళులేవంటిమి; ఒక విధముగా ఇవియే దాని పళ్ళు.

లోపము కనబడిన పిమ్మట

ఒక కుటుంబమును ఊహింతము. 4 లక్షల 20 వేల రూపాయలకు ఒక వర్తకునివద్ద కారు కొనిరి. "ఎన్నడును దెబ్బతగులలేదు, నీట మునుగలేదు" అని అతడు చెప్పెను. పండ్రెండవదినమున దీపములు తమంత తామే వెలిగి ఆరుట మొదలైనది. పదునైదవదినమున ఇంజను నడువలేదు. మెకానికు విప్పిచూచి తీగెలలో మన్ను చూపెను. ఇపుడు ఆ యింటివారు ఏమి చేయవలెను?

మొట్టమొదట, బ్రేకు, స్టీరింగు, ఇంధనపుగొట్టము, విద్యుత్తీగెలు, వీనిలో దేనియందు లోపమున్నను కారును నడుపుట మానివేయవలెను. ప్రాణభయము మాట యట్లుండ, లోపము తెలిసియు నడిపినచో నష్టము మీవలననే పెరిగినదని వర్తకుడు వాదించును.

రెండవది, తొందరపడి మరమ్మతు చేయింపరాదు. ఇది చాలమంది చేయు పొరపాటు. భాగములు మార్చివేసిన పిమ్మట పాతలోపమునకు సాక్ష్యమేమున్నది? వర్తకునకు తెలియజేసి, చూచుటకు అవకాశమిచ్చి, ఆ తరువాతనే చేయింపవలెను. అత్యవసరమై చేయించినచో ముందుగా ఛాయాచిత్రములు తీసి, విప్పిన పాతభాగములను ఇంటికి తెచ్చి భద్రపఱుపవలెను.

మూడవది, వర్తకునితో సంబంధములేని మెకానికుచేత వ్రాతమూలకముగా అభిప్రాయము తీసికొనవలెను. తేది, కారు నంబరు, మీటరు అంకె, లోపమేమి, అది ఎంతకాలమునాటిదై యుండును, బాగుచేయుటకు ఎంత వ్యయమగును అను సంగతులు అందుండవలెను. నోటిమాట ఎంత పెద్దమెకానికు చెప్పినను కమిషను యెదుట నిలువదు.

నాలుగవది, వర్తకునకు ఉత్తరము వ్రాయవలెను. ఫోనులో కోపపడుటవలన మనస్సు చల్లబడునేమో గాని సాక్ష్యము మిగులదు. ఉత్తరము దీర్ఘముగా నుండనక్కఱలేదు. ఈ విధముగా నుండిన చాలును:

"అయ్యా, తేది ఫలానా మీవద్ద ఫలానా నంబరుగల కారును 4,20,000 రూపాయలకు కొంటిమి. అది నీట మునుగలేదని, ప్రమాదమునకు గుఱికాలేదని మీరు చెప్పితిరి. ఫలానా తేదిని, మీటరు ఇంత చూపుచుండగా, ఇంజను నిలిచిపోయినది. జతపఱచిన మెకానికు పత్రమును బట్టి తీగెలలో వరదమన్ను ఉన్నట్లు తేలినది. కావున కారును తిరిగి గైకొని సొమ్ము ఇయ్యవలెనని కోరుచున్నాము. 15 దినములలో మీ సమాధానము వ్రాతమూలకముగా తెలుపగోరెదము."

దీనిని స్పీడుపోస్టుద్వారా, చేరినట్లు రుజువు వచ్చునట్లు పంపి, ప్రతియొకటి ఉంచుకొనవలెను. వాట్సప్‌లోను, ఈమెయిలులోను పంపుట మంచిదే. ఆ సందేశములను తుడిచివేయరాదు.

వర్తకుడు మరమ్మతు చేసి యిచ్చెదనన్నచో సంతోషమే. కాని ఏ భాగములు మార్చును, ఏ దినమునకు ఇచ్చును, వ్యయమెవరిది అను మూడు సంగతులు వ్రాయించుకొనవలెను. కారును వదలునపుడు మీటరు అంకెతో రశీదు తీసికొనవలెను. తిరిగి ఇచ్చునపుడు "పూర్తిగా తృప్తిపడితిమి" అని అచ్చువేసిన చీటిమీద సంతకమడుగుట కలదు. నడిపి చూడక అట్టి సంతకము చేయరాదు.

గుఱ్ఱపుబేరము చెప్పు నీతి

ఇపుడు చట్టమునకు వత్తము. 1872 నాటి కాంట్రాక్టుచట్టము 17 వ విభాగమున మోసమనగా నేమో నిర్వచింపబడినది. దానిని విశదపఱచుటకు చట్టకర్తలు గుఱ్ఱపుబేరములను ఉదాహరించిరి. తన గుఱ్ఱము రోగిష్టిదని తెలిసియు ఒకడు ఏమియు చెప్పక వేలములో అమ్మెను. అది మోసము కాదు. ఊరకుండుట మాత్రముచేత మోసము కాదని చట్టము. కొన్న ఆమె ఇపుడే యుక్తవయస్సు వచ్చిన ఆతని సొంతకూతురే యైనచో, ఆ బంధుత్వమునుబట్టి చెప్పవలసిన బాధ్యత తండ్రికి కలుగును. మూడవ ఉదాహరణము మనకు ముఖ్యము. "నీవు కాదనకున్నచో ఈ గుఱ్ఱము ఆరోగ్యముగా నున్నదనియే తలంతును" అని కొనువాడు చెప్పగా అమ్మువాడు మిన్నకుండెను. అప్పుడా మౌనము మాటతో సమానము.

నూటయేబది సంవత్సరములు దాటిన ఈ గుఱ్ఱపు ఉదాహరణము నేటి కారుబేరమునకు అక్షరాల సరిపోవును. అడుగని ప్రశ్నకు వర్తకుడు సమాధానము చెప్పకున్నచో అతనిని పట్టుకొనుట కష్టము. అడిగిన ప్రశ్నకు అబద్ధము చెప్పినచో సులభము. కావున బయానా యిచ్చుటకు ముందే ఒక సందేశము పంపవలెను: "ఈ కారు ప్రమాదమునకు గుఱి యైనదా? నీట మునిగినదా? మీటరు అంకె నిజమైనదా? అప్పు ఏమైన కలదా? మీరు కాదనకున్నచో ఏ లోపమును లేదనియే నమ్మి కొనుచున్నాము." ఈ అయిదువాక్యములు వ్రాయుటకు పట్టునది రెండు నిమిషములు. ఇంట లెక్కలు వ్రాయు చేతికి ఇది పెద్దపని కాదు.

1930 నాటి సరుకుల విక్రయచట్టము కొనువారినే జాగ్రత్తపడుమని చెప్పుచు, 16 వ విభాగమున కొన్ని మినహాయింపులు చూపినది. ఆ రకపు సరుకు వ్యాపారము చేయువానివద్ద వర్ణననుబట్టి కొన్న వస్తువు విక్రయయోగ్యమైనదై యుండవలెను. కొనువారు పరీక్షించి చూచియున్నచో ఆ పరీక్షలో కనబడదగిన లోపమును గూర్చి పిదప ఫిర్యాదు చేయరాదు. తలుపుమీది గీతను చూచి కొని, దానికై తగవుపడుట కుదరదు; గేరుపెట్టెలోని విఱిగిన పన్ను ఎవరికిని పైనుండి కనబడదు. అయితే 62 వ విభాగము ప్రకారము ఇట్టి హామీలను ఒప్పందముచే తొలగించుకొనవచ్చును. అందుచేతనే "ఉన్నది ఉన్నట్లు కొంటిని, పిమ్మట ఎట్టి హక్కును లేదు" అను చీటిమీద కొందఱు వర్తకులు సంతకము చేయించుకొందురు. చదువక అట్టి చీటిమీద సంతకము పెట్టరాదు. పెట్టియున్నను తెలిసి చెప్పిన అబద్ధమునకు ఆ చీటి కవచము కాదు.

కాగితములలోని లోపము

కారు బాగున్నను కాగితములు బాగుండనిచో ఒకనాడు కష్టము తప్పదు. మోటారువాహనముల చట్టము 1988 లోని 50 వ విభాగము ప్రకారము కొన్నవారు 30 దినములలో యాజమాన్యపు మార్పును రవాణాకార్యాలయమునకు తెలుపవలెను. దానికి 29, 30 నంబరుల ఫారములు వాడుదురు. అప్పుపై కొన్న కారైనచో ఆర్‌సీలో ఆ సంగతి వ్రాయబడియుండును. బ్యాంకు నిరభ్యంతరపత్రముతో 35 వ ఫారము దాఖలు చేసినగాని ఆ వ్రాత తొలగదు. ఛాసిసు నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీతో సరిపోవలెను. ఎంపరివాహన్ అను ప్రభుత్వపు ఆప్‌లో కారు నంబరు కొట్టినచో నమోదు వివరములు తెలియును. జరిమానాలను కూడ ప్రభుత్వపు ఈ-చలాను స్థలమున చూచుకొనవచ్చును.

భీమాను పెక్కుమంది మఱచిపోవుదురు. పాతయజమాని పేరనున్న పత్రములో ఇతరులకు కలుగు నష్టమునకు సంబంధించిన భాగము చట్టముచే కొన్నవారికి సంక్రమించును. సొంతకారునకు కలుగు నష్టపుభాగము పేరుమార్పు లేనిదే సంక్రమింపదు. బదిలీయైన 14 దినములలో భీమాకంపెనీకి దరఖాస్తు పెట్టవలెను.

2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వము పాతకార్ల వర్తకులకై ప్రత్యేకనియమములు ప్రకటించెను. అవి 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చెను. వాని ప్రకారము వర్తకుడు రవాణాకార్యాలయమునుండి అధికారపత్రము పొందవలెను. యజమాని తన కారును అతనికి అప్పగించునపుడు ఆ సంగతి కార్యాలయమునకు తెలియజేయవలెను. అటుపిమ్మట అమ్ముడుపోవువఱకు వర్తకుడే యజమానిగా భావింపబడును. "మేము మధ్యవర్తులము మాత్రమే, లోపముతో మాకు సంబంధము లేదు" అను వర్తకుని అధికారపత్రము చూపుమనుట ఉపయోగకరము. బిల్లుమీద అమ్మినవారుగా ఎవరి పేరున్నదో అదియును చూడవలెను. బిల్లు లేని బేరమునకు వెలతగ్గింపు ఎంత యిచ్చినను ఒప్పుకొనరాదు.

కమిషను యెదుటికి

ఉత్తరమునకు సమాధానము రానిచో, వచ్చినను "పాతది కదా" యనియే యున్నచో, తరువాతి మెట్టు 1915. ఇది జాతీయ వినియోగదారుల సహాయకేంద్రపు ఫోను నంబరు. వారు వర్తకునకు తెలిపి రాజీకి ప్రయత్నింతురు; ఉత్తర్వు ఇయ్యలేరు. అక్కడ కుదరనిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు.

వినియోగదారుల రక్షణచట్టము 2019 గృహిణికి అనుకూలములైన సౌకర్యములు కలిగించినది. కారు ఏ యూర కొన్నను, ఫిర్యాదు చేయువారు నివసించు జిల్లాలోనే దాఖలు చేయవచ్చును. చెల్లించిన వెల 50 లక్షలకు మించనిచో జిల్లాకమిషనే విచారించును. ఆ వెల 5 లక్షలవఱకు రుసుము లేదు. 10 లక్షలవఱకు 200 రూపాయలు. 20 లక్షలవఱకు 400 రూపాయలు. వకీలును పెట్టుకొనవలెనను నిర్బంధము లేదు. ఇంటినుండియే ఇంటర్నెట్టుద్వారా దాఖలు చేయవచ్చును. మనము ఊహించిన కుటుంబము 4 లక్షల 20 వేలు చెల్లించినది గావున వారికి రుసుమే లేదు. వారు కారు వాపసు, వెల తిరుగుబాటు, మధ్యకాలమునందలి బాడుగకార్ల వ్యయము, పడిన శ్రమకు పరిహారము కోరవచ్చును. గడువు, కారణము కలిగిన నాటినుండి రెండుసంవత్సరములు.

అయితే మూడు సంగతులు మఱువరాదు. ఈ దారి వర్తకునివద్ద కొన్నవారికే. తన సొంతకారును అమ్ముకొన్న పొరుగింటివానిమీద సాధారణముగా సివిలుకోర్టుకే పోవలెను. లాభమునకై అమ్ముటకు కొన్నవారు వినియోగదారులు కారు. కాని సొంతజీవనోపాధికై కారు కొని తానే నడుపుకొను స్త్రీకి ఈ హక్కు కలదు. రుజువుచేయు భారము ఫిర్యాదు చేసినవారిదే. అవసరమైనచో కమిషను కారును తగిన ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయింపవచ్చును. పరీక్ష అవసరములేని ఫిర్యాదు మూడుమాసములలోను, అవసరమైనది అయిదుమాసములలోను తీర్చుటకు ప్రయత్నింపవలెనని చట్టము చెప్పినను ఆచరణలో ఆలస్యము కలుగుచునే యున్నది. కావున వర్తకుడు న్యాయమైన రాజీకి వచ్చినచో పంతమునకు పోక అంగీకరించుటయు వివేకమే. దొంగకాగితములు, దొంగిలించిన కారు అయినచో మాత్రము రాజీమాట తలపెట్టక పోలీసువారికి తెలుపవలెను. మోసమును గూర్చి 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలోని 318 వ విభాగము చెప్పుచున్నది.

సముద్రమునకు ఆవలనున్న మన ఆడపడుచులకు

ఉద్యోగములకై, చదువులకై విదేశములకు పోయిన తెలుగుకుటుంబములు పెక్కు మొదట కొనునది వాడిన కారే. ఇంగ్లండులో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టము పాతకార్లకును వర్తించును. వర్తకునివద్ద కొన్న కారు తృప్తికరముగా లేనిచో 30 దినములలో తిప్పియిచ్చి సొమ్ము పుచ్చుకొనవచ్చును. ఆ గడువు దాటి ఆఱుమాసములలోపల కనబడిన లోపము అమ్మకమునాటికే యున్నదని చట్టము భావించును. కాదని చూపవలసినది వర్తకుడే. అమెరికాలో వర్తకుడు అమ్మకమునకు పెట్టిన ప్రతి పాతకారుమీదను, హామీ కలదో లేక ఉన్నదున్నట్లే అమ్మబడుచున్నదో తెలుపు పత్రమును అంటింపవలెనను కేంద్రనియమము 1985 నుండి అమలులో నున్నది. మూడుదినములలో తిప్పియియ్యవచ్చునని అచ్చట పలువురు అనుకొందురు గాని పాతకార్ల వర్తకుని దుకాణములో కొన్నదానికి అట్టి కేంద్రనియమము లేదు.

మనదేశమున పాతకారునకు ఇట్టి 30 దినముల గడువు ఏర్పడలేదు. "తగినకాలము" లోపల తిరస్కరింపవలెనని మాత్రమే సరుకుల విక్రయచట్టము చెప్పుచున్నది. తగినకాలమెంతయో తేల్చునది పరిస్థితులు. అందుచేతనే మనకు ప్రతిదినమును విలువగలది. లోపము కనబడిన వారమునకు వ్రాసిన ఉత్తరమునకును, ఏడాదికి వ్రాసిన ఉత్తరమునకును ఒకే బరువుండదు.

కారు బేరము మగవారి వ్యవహారమని తలచి తొలగియుండు సోదరీమణులు మనలో ఇంకను కలరు. కాని ఆర్‌సీమీద తమ పేరే యున్నచో ఫిర్యాదుమీద సంతకము చేయవలసినదియు తామే. విచారణలో సంగతులు చెప్పవలసినదియు తామే. పాలలెక్క, పచారీలెక్క తేదివారీగా వ్రాయు అలవాటు ఈ విషయమున ఎంతో అక్కఱకు వచ్చును. ఇటీవల పాతకారు కొన్నవారు ఈ సాయంకాలమే ఒక కవరు తీసి, బిల్లు, ఆర్‌సీప్రతి, భీమాపత్రము, వర్తకుని సందేశముల ప్రతులు అందుంచి, కవరుమీద కొన్న తేదిని, నేటి మీటరు అంకెను వ్రాసి, నగల రశీదులు దాచుకొను బీరువాలోనే భద్రపఱుపవలెను. కారు చక్కగా నడచినచో ఆ కవరు తెఱవనక్కఱ యుండదు. నడువనినాడు మొదట చేయి పోవలసినది దానిమీదికే.